బల్లకి అవతల స్వీడన్

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాదు. నేను కుండపోత అన్నచోట మీరు తుంపర అని చదువుకోండి. జనసముద్రం అంటే నలుగురు. మహానది అంటే మా పజుండౌంగ్ కాలువ. "ప్రాణం పోయింది" అన్నానంటే చెప్పు తెగిందని అర్థం. ఇంట్లో దిద్దే మనుషులు లేకపోవడంతో ఈ జబ్బు వయసుతో పాటు ముదిరింది. అయినా ఈ పనిలోకి రాబోయే పిల్లలకి పనికొస్తుందని రాస్తున్నాను. పెంచి చెప్పినవి మీరే పట్టేస్తారు. పుట్టించి చెప్పింది మాత్రం ఒకటుంది. దాని సంగతి చివర్లో నేనే చెప్పేస్తాను.

పని ఏమిటంటే

రంగూన్‌లో మావాళ్ళు తరతరాలుగా ఏం చేశారంటే, మోశారు. మా తాత అహ్లోన్ రేవులో బియ్యం మిల్లుల దగ్గర బస్తాలు మోశాడు. ఆయన మోసిన బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుడి మీద అన్నదానం చెయ్యొచ్చు. మా నాన్న బోటాటౌంగ్ గోదాముల్లో మోశాడు. నేను మోసింది కుంచె. దానికున్నవి గట్టిగా చూస్తే మూడు వెంట్రుకలు. అయినా ముగ్గురిలో ముందు నడుం పడిపోయింది నాకే.

పజుండౌంగ్‌లో ఒక అచ్చాఫీసు పైన, చెక్కమెట్లెక్కితే మా వర్క్‌షాపు. పాత యుద్ధాలని బల్లల మీద బొమ్మలతో మళ్ళీ నిలబెట్టుకునే పెద్దమనుషులు పై దేశాల్లో ఉంటారు. వాళ్ళు తగరం సైనికుల్ని పెట్టెల్లో పంపిస్తే మేం రంగులేసి తిప్పి పంపేవాళ్ళం. సైనికుడు బొటనవేలి కణుపంత ఉంటాడు. వాణ్ణి సోడామూతకి జిగురుతో అంటించి, అడుగుపూతగా తెల్ల ప్రైమర్ కొట్టి, భూతద్దం కింద పెట్టుకుని, మీసం దగ్గర్నుంచి బూటు కట్టు దాకా వెయ్యాలి.

మొదటి పాఠం కళ్ళది. కొత్తలో నేను నల్లగుడ్లని సరిగ్గా నడిమధ్యన పెట్టేవాణ్ణి. పెట్టిన ప్రతి సైనికుడూ అత్తగారు చెప్పకుండా దిగినట్టు చూసేవాడు. ఫిరంగి దగ్గరున్నవాడూ అంతే, జెండా పట్టుకున్నవాడూ అంతే. గుడ్డుని ఒక పక్కకి జరపండి పిల్లలూ. మనిషి ఎప్పుడూ పక్కవాణ్ణి ఓ కంట కనిపెడుతూనే ఉంటాడు. యుద్ధంలో మరీను.

పాలిష్

నా ఉద్యోగంలో పెద్ద యుద్ధం రెండు పెట్టెల్లో వచ్చింది. ఒకదాని మీద ఇంగ్లీషులో పాలిష్ అనీ, రెండోదాని మీద స్వీడిష్ అనీ రాసి ఉంది. ఇంగ్లీషులో పోలెండు మనిషికీ, బీరువాకి కొట్టే పాలిషుకీ అక్షరాలు అచ్చంగా ఒకటే. మొదటి అక్షరం పెద్దదైతే దేశం, చిన్నదైతే సీసా. ఆ పెట్టె మీద అన్నీ పెద్దక్షరాలే.

మొదటి పెట్టె నాకొచ్చింది. పాలిష్ చెయ్యమన్నారు కదా అని గుర్రాలకీ రౌతులకీ నిగనిగలాడేలా వార్నీషు కొట్టాను. ఒక పొర చాలక ఇంకో పొర కొట్టాను. ఆ గుర్రాల పిర్రల్లో చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు. ఎండ పడితే ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. పైగా ఆ రౌతుల వీపులకి రెక్కలున్నాయి. రెక్కలున్నవాడెవడైనా మనకి గరుత్మంతుడే కదా? ఆకుపచ్చా బంగారమూ పులిమేశాను.

రెండో పెట్టె అప్పన్న బావది. బల్లకి అటువైపు స్టూలు ఆయనది. నాకన్నా పెద్దవాడు, చుట్టరికం లేదు, కానీ చేరిన రోజునుంచీ బావే. ఆయన పెట్టెని అటూ ఇటూ తిప్పి, పెదాలు కదుపుకుంటూ చదివాడు.

"స్వీటు డిష్షు," అన్నాడు.

"అంటే ఏంటి బావా?"

"ఏటుందిరా పైడీ అందల? మిఠాయి పళ్ళెం. మిఠాయి రంగులెయ్యమన్నారు."

సైన్యం మొత్తానికి హల్వా ఎరుపు, కోవా తెలుపు, లడ్డూ పసుపు వేసేశాడు. స్వీడన్ వాళ్ళకి పసుపు ఉండాల్సిందేనట. కాబట్టి లడ్డూ ఒక్కటి గురి చూడకుండానే తగిలింది.

ఆర్డరిచ్చింది పోలెండులో ఒక పెద్దాయన, రిటైరైన బడి పంతులు. నమూనా ఫోటోలు చూసి ఆయన పంపిన జవాబుని మా యజమానురాలు చదివి వినిపించింది. "నా గుర్రాలు ఏ నదిలో మునిగొచ్చాయి? నా శత్రువులు ఎవరి పెళ్ళికి వెళుతున్నారు?"

అన్నీ కడిగి మళ్ళీ వేశాం. ఆ రోజునుంచి నేను పాలిషు, ఆయన మిఠాయి. పిల్లలూ, అర్థం కాని మాటని మీరెలాగూ అడుగుతారు. అర్థమైపోయిందనిపించిన మాటని అడగండి. ముంచేది అదే.

డా మ్యా

మా యజమానురాలు డా మ్యా. డా అన్నది పెద్దావిడల పేరు ముందు బర్మావాళ్ళు పెట్టే మర్యాద, మగవాళ్ళకైతే కో. ఆవిడ నవ్వగా చూసినవాడు భూమ్మీద లేడు. ఒకవేళ చూసి ఉంటే ఆ దెబ్బకే పోయుంటాడు.

బొమ్మ చేతికిస్తే ముందు తిప్పి వీపు చూసేది. "కో పైడీ, ముఖం ఎవరైనా వేస్తారు. వీపు చూడనీ." ముఖం మీద నేను ప్రాణం పెట్టి వేసిన నవ్వుని ఆవిడ ఎన్నడూ చూడలేదని నా ఫిర్యాదు. కానీ చెప్పాలంటే ఆవిడదే రైటు. అద్దాల బీరువాలో బొమ్మకి ముఖం ఒకవైపే. బల్ల మీద పెడితే, చుట్టూ తిరిగే పిల్లవాడికి వీపే ఎదురొస్తుంది. ఎవరూ చూడరనుకున్నచోట ఏం చేశావన్నదే ఈ పనిలో పనితనం.

ఆవిడది తప్పు స్టూళ్ళ విషయంలో. వెనక ఆనుకునే కుర్చీ ఇస్తే నిద్రపోతామని ఆవిడ భయం. అప్పన్న బావైతే స్టూలు మీద కూడా నిద్రపోయేవాడు, కుంచె కదలకుండా. ఇది పెంచింది కాదు. కొంచెం పెంచింది.

బురద

ఇప్పుడు యుద్ధం. పదిహేడో శతాబ్దం మొదట్లో, రీగా పట్నం దగ్గర కిర్‌హోల్మ్ అనేచోట జరిగింది. మా నోట్లో అది కీరోలం. ఒకవైపు స్వీడన్ రాజు, మూడింతల సైన్యంతో, కొండ మీద. రెండోవైపు పోలెండు, లిథువేనియాల వాళ్ళు, తక్కువమంది, కింద, వీపుకి ఈకల చట్రాలు కట్టుకునే రెక్కల రౌతులతో. కొండ మీదున్నవాళ్ళు దిగరు, కిందున్నవాళ్ళు ఎక్కలేరు. చివరికి పోలెండు సేనాని భయపడి వెనక్కి పోతున్నట్టు నటించాడు. స్వీడన్ వాళ్ళు గెలిచేశామనుకుని కొండ దిగారు. దిగాక, పారిపోతున్న గుర్రాలు వెనక్కి తిరిగాయి. అంతే.

పంతులుగారికి కావలసింది తిరగడానికి ముందు క్షణం. స్వీడన్ వాళ్ళు దిగుతూ ఉండాలి.

అలా ఏళ్ళ తరబడి బల్లకి ఇటు నేను రెక్కలు వేస్తూ, అటు అప్పన్న బావ కాలిబంట్లని వేస్తూ కూర్చున్నాం. పంతులుగారు విడతలుగా పంపేవాడు, మేం విడతలుగా గొడవపడేవాళ్ళం.

"ఓడిపోయేవాళ్ళకి అంత శ్రద్ధ ఎందుకు బావా?"

"ఓడిపోతారని ఆళ్ళకి తెల్దు కదరా పాలిషూ. దిగతన్నారు. గెలిసీసినాం అనుకుంటన్నారు. మా ఓళ్ళకి నవ్వు మొకాలే ఎయ్యాల."

"మావాళ్ళు తొక్కేస్తారు మీవాళ్ళని."

"తొక్కితే తొక్కండి. సుబ్రంగా నవ్వుకుంటా పోతారు. నీ ఓళ్ళ మొకాలు సూడు, జులాబు తాగినట్టున్నాయి."

ఆ సైన్యాన్ని ఆయన ఎప్పుడూ "మా ఓళ్ళు" అనేవాడు. బర్మాలోనే పుట్టి, తాతలు ఓడెక్కిన భీమిలి రేవు తప్ప సొంత ఊరి పేరు ఇంకోటి తెలియని మనిషి, మంచుదేశం వాళ్ళని "మా" అంటుంటే నాకు ఒళ్ళు మండేది. మన తెలుగులో ఈ "మా"కీ "మన"కీ మధ్య గోడ ఉంది చూశారా, అది చైనా గోడ కన్నా ఎత్తు. "మా" అన్నప్పుడల్లా ఎదురుగా కూర్చున్నవాణ్ణి బయట నిలబెట్టేసినట్టే.

స్వీడన్ వాళ్ళు ముందురోజు రాత్రంతా కుండపోత వానలో నడిచొచ్చారని పంతులుగారు రాశాడు. (ఈ కుండపోత నాది కాదు, ఆయనదే.) దాంతో అప్పన్న బావకి బురద పిచ్చి పట్టుకుంది. నేను పెట్టెలో ఉన్న గోధుమరంగు చాలన్నాను. ఆయన వినలేదు. నల్లదీ, పసుపుదీ, కాస్త ఆకుపచ్చా కలిపి, పాలడబ్బా మూతలో తడిపి, తడి ఆరినా తడిగానే కనిపించే బురద ఒకటి తయారుచేశాడు. అంతటితో ఆగక, పొట్టివాడికి మోకాలి దాకా, పొడుగువాడికి పిక్క దాకా పూశాడు.

"అందరికీ ఒక్కలా పూసెయ్ బావా, పని తెములుతుంది."

"బురద అందరికీ ఒకటే లోతురా. మనిసి ఎత్తే వేరు."

ఆ రంగు ఎలా కలుపుతాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "పాలిషోడివి, నీకెందుకు బురద," అనేవాడు.

తెల్లగా మిగిలినవాళ్ళు

ఆఖరి విడత సైన్యం వచ్చేసరికి వర్క్‌షాపులో మేమిద్దరమే మిగిలాం. రోజులు మారాయి. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, కిటికీ వెలుగులో పని. మిగతా స్టూళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఎటో ఒకటు సర్దుకున్నారు. అప్పన్న బావ కొడుక్కి పద్దెనిమిది నిండాయి. మగపిల్లలకి సైన్యం నుంచి పిలుపులొస్తున్న కాలం అది.

"తాయిలాండు దాటించీసి వస్తానురా," అన్నాడు.

"అందరూ పిల్లల్ని తీసుకెళ్ళిపోతున్నారా?"

"సైనికుల్ని బొటనేలంత సైజుల సూసినోణ్ణి. నా గుంటణ్ణి ఆ సైజుల సూడనేను." కాసేపు కుంచె కడిగాడు. "దించీసి, వానలు తగ్గకముందే వచ్చెస్తాను. ఈ ఆకరి దళం నేనే ఎయ్యాల. నువ్వు ముట్టుకోకు. నీ పాలిషు చెయ్యి మా ఓళ్ళ మీద పడిందా, తెగ్గోస్తాను."

వెళ్ళేటప్పుడు ఆ దళానికి తెల్ల ప్రైమర్ కొట్టి, వరసగా నిలబెట్టి వెళ్ళాడు. నా రెక్కల రౌతులు ఇటు పూర్తయి, ఎండలో మెరుస్తూ నిలబడ్డారు. అటువైపు ముఖాల్లేని తెల్లటి సైన్యం.

మొదట్లో మెసేజీలొచ్చాయి. దాటారు. పిల్లవాడు చేపల గోదాంలో కుదిరాడు. బావ కూడా పక్కనే ఏదో మూతలు బిగించే పనిలో చేరాడు, "నాలుగు రోజులకే" అన్నాడు. తర్వాత మెసేజీలు పలచబడ్డాయి. తర్వాత లేవు.

మనుషులు లేకపోవడం గురించి అందరూ రాస్తారు. నేను తిట్టు గురించి రాస్తాను. శ్రీకాకుళం వైపు తిట్టుకి ఎదురుగా శ్రీకాకుళం వైపు చెవి ఉండాలి. లేకపోతే అది తిట్టే కాదు, దగ్గు. ఓ రోజు ఉండబట్టలేక కింద అచ్చాఫీసాయన్ని పట్టుకుని మా పద్ధతిలో ఏడు తరాలనీ కలిపి దులిపాను. ఆయన వక్కాకు నములుతూ శ్రద్ధగా విని, "హౌకే," అన్నాడు. అంటే బర్మాలో అవునని. అంత అవమానం నాకు జన్మలో జరగలేదు. పైకొచ్చి, బల్లకి అవతలి తెల్ల సైన్యాన్ని చూస్తూ కూర్చున్నాను. వాళ్ళూ ఏమీ అనలేదు.

వానలు తగ్గాయి. డా మ్యా వచ్చి ఒక తెల్లబొమ్మని ఎత్తి, అలవాటుగా వీపు తిప్పి చూసింది.

"కో పైడీ, వీళ్ళు ఎన్నాళ్ళు ఇలా మంచులో నిలబడతారు?"

"బావ వస్తాడు."

"పంతులుగారికి ఒంట్లో బాలేదట. యుద్ధం చూస్తానా అని అడుగుతున్నాడు."

"వస్తాడు డా మ్యా. ఆ బురద నాకు రాదు."

ఆవిడ బొమ్మని దాని చోటనే, అదే వరసలో పెట్టింది. "రాడు," అంది. విసురుగా అనలేదు. ఆవిడ నోట అంత మెత్తగా ఒక మాట రావడం అదే మొదలు. ఆ మెత్తదనానికి నాకు నిజంగా భయం వేసింది.

ఫోను

ఆ మధ్యాహ్నమే బావకి ఫోను చేశాను.

"ఏట్రా పాలిషూ, ఇంకా సావలేదా?"

"నువ్వొచ్చి చంపుతావని ఎదురుచూస్తున్నా. ఎప్పుడొస్తావ్?"

"ఇక్కడ మూతలు బిగించేవోడు నేకపోతే దేసం మునిగిపోతాదట్రా. కదలనివ్వరు."

"మునగనీ. నీ స్వీడన్ ఇక్కడ తెల్లమొహం వేసుకుని నిలబడింది. డా మ్యా నన్ను వెయ్యమంటోంది."

ఫోనులో ఆయన వెనక ఎవరో నవ్వుతున్నారు. వాళ్ళ గుంటడే అయ్యుంటాడు.

"ఎయ్యి," అన్నాడు.

"బురద ఎలా కలపాలో చెప్పు మరి. ఇన్నాళ్ళూ దాచావు కదా, మహా రహస్యం."

"ఏటి రగస్సెం? నా స్టూలు మీద కూకుని ఎదురుగా సూడు, తెలస్తాది. నవ్వు మొకాలు మర్సిపోకు. మనోళ్ళని బాగా సూసుకోరా పైడీ."

ఫోను పెట్టేసి, మొట్టమొదటిసారి బల్లకి అటువైపు వెళ్ళి కూర్చున్నాను. కూర్చుంటే, నేను ఎప్పుడూ వీపు పెట్టి కూర్చున్న కిటికీ నాకు ఎదురైంది. కిటికీలో పజుండౌంగ్ కాలువ. నీళ్ళు తగ్గిన వేళ. ఒడ్డున బురద, నలుపులో పసుపు, పసుపులో పాచి ఆకుపచ్చ, ఎండలో తడితడిగా. వంచకుడు! ఏళ్ళ తరబడి నా భుజం మీంచి కాలువని చూసి కాపీ కొట్టి, కనిపెట్టినట్టు పోజు పెట్టాడు.

కానీ ఇంకోటి కూడా కనిపించింది. ఆ కాలువ చూడాలంటే ఆయన ప్రతిసారీ నా ముఖం దాటి చూడాలి. అంటే పనిచేసిన కాలమంతా, ప్రతి బూటుకీ ఒకసారి, నా ముఖం చూశాడన్నమాట. నేను ఆయన వెనకున్న గోడ చూశాను. దాని మీద పాత క్యాలెండరు ఉండేది.

దిగుతున్నవాళ్ళు

ఆ దళాన్ని నేనే వేశాను. గెలిచే సైన్యాన్ని వెయ్యడం సులువు పిల్లలూ. రెక్క మెరిస్తే చాలు, చూసేవాడు మిగతాది తనే నింపుకుంటాడు. కొండ దిగుతూ, గెలిచామనుకుని నవ్వే మనిషిని వెయ్యడం వేరు. నవ్వు కాస్త ఎక్కువైతే వాడు వెర్రివాడు. కాస్త తగ్గితే వాడికి తెలిసిపోయిందన్నమాట. రెండూ కాకుండా, రాత్రంతా వానలో నడిచి, ఇక ఇంటికెళ్ళొచ్చు అనుకుంటున్నవాడి ముఖం కావాలి. నేను చాలా ముఖాలు చెరిపాను. నా చేతికి జులాబు ముఖాలే వస్తున్నాయి, ఆయన అన్నది అబద్ధం కాదు. ఎట్టకేలకి ఒకటి కుదిరింది. పొట్టివాడు, మోకాలి దాకా బురద, పెదవి ఓ మూల కొంచెం లేచి ఉంది. వాణ్ణి చూసి మిగతావాళ్ళని వేసుకున్నాను.

డా మ్యా వచ్చి వీపులు చూసింది. తర్వాత, ఎన్నడూ లేనిది, ఒకణ్ణి తిప్పి ముఖం చూసింది. అందర్నీ పెట్టెలో తనే సర్దింది.

యుద్ధం పంతులుగారికి అందింది. చూశాడట. ఆపైన కొత్త ఆర్డర్లు రాలేదు, నా కళ్ళు కూడా ఇక చాలన్నాయి, వర్క్‌షాపు మూతపడింది. ఈ పనిలో పింఛను లేదు, సన్మానం లేదు. యాభై దాటాక దూరం అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, చేతిలో ఉన్నది కనిపించదు. అందరికీ వచ్చేదే, కానీ మా వృత్తికి అది పెద్ద వెటకారం. ఈ పనిలోకి రావద్దని చెప్పను. రండి. కానీ ఎదురుగా మనిషి కూర్చునే బల్ల వెతుక్కోండి. ఒంటరిగా కూర్చుని ఒక సైన్యాన్నయితే వెయ్యగలరు. రెండూ మీరే వేస్తే గొడవ ఉండదు.

పుట్టించింది

ఇక మాటిచ్చిన ప్రకారం.

గుర్రాల పిర్రల్లో గడ్డం గీసుకోవడం, చంద్రుడి మీద అన్నదానం, ఇవన్నీ పెంచినవే, మీకు తెలుసు. స్వీటు డిష్షు మాత్రం నిజం. స్టూలు నిజం, కాలువ నిజం. ఆ స్టూలు మీద కూర్చోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. నావైపు వెలుగు చాలక వెళ్ళి కూర్చున్నాను, అంతే.

ఫోనులో మాటలు నేను పుట్టించాను. ఆయన మాటలు కూడా నేనే రాశాను. అన్నేళ్ళు ఎదురుగా కూర్చున్నాక ఆ గొంతు వెయ్యడం నాకు కష్టమేమీ కాలేదు, ఒక్కచోట తప్ప. తెలిసినవాళ్ళు అక్కడే పట్టేసి ఉంటారు. అప్పన్న బావ చచ్చినా "మనోళ్ళు" అనడు. "మా ఓళ్ళు" అనే అంటాడు. ఆ ఒక్క అక్షరం నాకు కావాలనిపించి పెట్టుకున్నాను.

ఫోను చేసిన మాట నిజం. మోగలేదు. ఎవరో ఆడమనిషి రికార్డు గొంతుతో థాయ్ భాషలో ఏదో చెప్పింది. నెంబరు లేదందో, మారిందందో, కాసేపాగి చెయ్యమందో నాకు తెలియదు. చాలా మర్యాదగా, ఓపిగ్గా చెప్పింది. ఆఖరి దాకా విని, "సరేనమ్మా," అని తెలుగులోనే చెప్పి పెట్టేశాను.